పోయినేడాది మీ బరువెంత?

మా గోదావరి జిల్లాల్లో తూకం వేయని వస్తువంటూ లేదు. ధాన్యం బస్తాకి 75 కిలోలని లెక్క. తరుగు పేరు చెప్పి మిల్లులో కిలో ఎక్కువ లాగితే ఊరంతా గొడవే. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువు వేసిన రైతు వారం పది రోజులకోసారి విసురువల వేసి, దొరికిన రొయ్యల్ని తూచి చూస్తాడు. కిందటిసారి కంటే బరువు పెరగలేదంటే ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. నీళ్ళలో లోపమా, మేతలో లోపమా, రోగమా అని తెల్లారేసరికి పరీక్షకి పరిగెడతారు. అంగన్‌వాడీలో చంటిపిల్లల్ని నెలనెలా తూస్తారు. గ్యాసు బండని కూడా తూచి ఇమ్మని అడిగే తెలివి మనకొచ్చింది.

మరి ఆ ఇంటి ఇల్లాలి బరువో? ఆవిడ ఆఖరుసారి కాటా ఎక్కింది ఎప్పుడు?

తెలిసిన ఆడవాళ్ళని చాలామందినే ఈ ప్రశ్న అడిగి చూశాను. "రెండో కాన్పప్పుడు" అన్నవాళ్ళే ఎక్కువ. ఒకావిడయితే, రైల్వే స్టేషన్లో రూపాయి బిళ్ళ వేస్తే బరువూ జాతకమూ కలిపి అట్టముక్క మీద అచ్చేసి ఇచ్చే మిషను ఉండేది చూడండి, దాని మీద ఎక్కానంది. జాతకం ఏం వచ్చిందో ఇప్పటికీ గుర్తుందట. బరువు మాత్రం గుర్తులేదట!

ఇదేదో నాజూకుగా తయారవడం గురించి రాస్తున్నాననుకోకండి. యాభై దాటిన మనిషికి కొత్తగా షుగరు వచ్చినప్పుడు, పోయినేడాది ఆ మనిషి బరువెంతో తెలిసి ఉండటం ఒక్కోసారి ప్రాణాన్ని కాపాడే సంగతి అవుతుంది. ఆ ముక్క మనలో చాలామందికి ఎవరూ చెప్పలేదు. చెప్పాలనే ఈ నాలుగు మాటలూ.

"షుగరా? మామూలేగా!"

ఒకప్పుడు ఎవరికైనా చక్కెర వ్యాధి ఉందంటే అయ్యో అనుకునేవాళ్ళం. ఇప్పుడది పలకరింపు. పెళ్ళి భోజనాల దగ్గర "మీకెంత ఉంది?" అని ఒకరంటే, "మొన్న రెండొందల ఇరవై" అని ఇంకొకరు. అంటూనే ఆకులో వేసిన మడతకాజా చివర తుంచి నోట్లో వేసుకుంటాం. "ఒక్క పూతరేకుకి ఏమవుతుందమ్మా, రాత్రికి మాత్ర వేసుకుంటావుగా" అని వడ్డించేవాళ్ళ భరోసా!

మనవైపు షుగరు ఎంత పాకిపోయిందో ఇరవై ఏళ్ళ కిందటే తేలింది. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 20 పల్లెల్లో నాలుగున్నర వేల మందిని పరీక్షించిన అధ్యయనం ఒకటి 2006లో వెలువడింది. ముప్పై దాటినవాళ్ళలో నూటికి 13 మందికి మధుమేహం ఉందని అందులో తేలింది. పట్నాల్లో కాదు, పల్లెల్లో! 2023లో వచ్చిన జాతీయ లెక్కల ప్రకారం దేశం మొత్తం మీద పది కోట్ల మందికి పైగా షుగరుతో ఉన్నారు.

ఇంతమందికి ఉన్నందువల్ల వచ్చిన అసలు చిక్కు ఏమిటంటే, మనకి అలవాటైపోయింది. రక్తపరీక్ష చీటీలో అంకె ఎక్కువ కనిపించగానే "వయసొచ్చింది, షుగరొచ్చింది" అనేసుకుంటాం. మాత్ర రాయించుకుంటాం, అన్నం తగ్గించి చపాతీలకి మారతాం, పొద్దున్నే గట్టు మీద నాలుగు అడుగులు వేస్తాం. ఇవన్నీ చెయ్యవలసినవే. కాదనను. కానీ ఒక ప్రశ్న అడగడం మానేశాం. ఇన్నేళ్ళూ లేనిది ఇప్పుడే ఎందుకొచ్చింది? నా అభ్యంతరమంతా ఇక్కడే. నూటికి తొంభై తొమ్మిదిసార్లు ఆ ప్రశ్నకి జవాబు మామూలుదే అయి ఉండొచ్చు. మిగిలిన ఆ ఒక్కసారి మాత్రం, షుగరు తనంతట తాను వచ్చిన జబ్బు కాదు. లోపల ఇంకేదో జరుగుతోందని వచ్చిన కబురు.

కబురు పంపేది ఎవరు?

మన పొట్ట వెనకాల, వెన్నెముకకి ముందుగా, జానెడు పొడవున అడ్డంగా పడుకుని ఉంటుంది క్లోమగ్రంథి. రెండు పనులు దానివి. తిన్నది అరగడానికి రసాలు ఊరించడం ఒకటి, రక్తంలో చక్కెరని అదుపులో ఉంచే ఇన్సులిన్ తయారుచేయడం రెండోది. రొమ్ములో గడ్డ వస్తే చేతికి తగులుతుంది. గర్భసంచిలో తేడా వస్తే ఎర్రబట్టో తెల్లబట్టో హెచ్చరిస్తుంది. ఈ గ్రంథి అట్లా కాదు. అన్నిటి వెనకా దాక్కుని ఉంటుంది కనక, దానిలో కేన్సర్ పుడితే చాలాకాలం దాకా ఏమీ తెలియదు. తెలిసేసరికి పక్కనున్న రక్తనాళాల్ని అల్లుకుపోయో, కాలేయానికి పాకిపోయో ఉంటుంది. జబ్బు బయటపడ్డ రోజున ఆపరేషన్‌కి వీలుండేది అయిదుగురిలో ఒకరికి మించదు.

కేంద్రంలో రక్షణ మంత్రిగా, గోవా ముఖ్యమంత్రిగా పనిచేసిన మనోహర్ పారికర్‌కి 2018 మొదట్లో ఈ జబ్బు బయటపడింది. అమెరికా దాకా వెళ్ళి వైద్యం చేయించుకున్నారు. 2019 మార్చిలో కన్నుమూశారు. డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్ళకే ఆ గతి. అమెరికాలో సైతం ఈ కేన్సర్ వచ్చిన నూరుమందిలో అయిదేళ్ళు దాటి బతుకుతున్నది 13 మందే. అయితే గ్రంథి గడప దాటకముందే పట్టుకోగలిగితే ఆ సంఖ్య నలభై దాటుతోంది. తేడా అంతా ఎప్పుడు పట్టుకున్నామన్న దానిలోనే ఉంది.

మరి ముందుగా పట్టించే గుర్తేదీ లేదా? ఉంది. అదే కొత్తగా వచ్చిన షుగరు.

ఈ విషయం మీద ఎక్కువ పనిచేసినవాళ్ళలో డాక్టర్ సురేష్ చారి ఒకరు. ఆయన మన దేశంనించి అమెరికా వెళ్ళిన వైద్యులే. చిన్నతనం నుంచీ కడుపునొప్పితో బాధపడి, క్లోమంలో రాళ్ళు చేరి షుగరు వచ్చేవాళ్ళు దక్షిణ భారతంలో ఉన్నారు. అటువంటివాళ్ళకి క్లోమ కేన్సర్ ముప్పు చాలా ఎక్కువని ఆయనా, మద్రాసు డాక్టర్ వి. మోహన్ తదితరులూ కలిసి 1994లోనే రాశారు. ఆ తరవాత అమెరికాలోని రోచెస్టర్ ఊళ్ళో, యాభై దాటాక కొత్తగా షుగరు వచ్చిన 2,122 మంది రికార్డులు తిరగేశారు చారి బృందంవాళ్ళు. వాళ్ళలో 18 మందికి మూడేళ్ళలోపు క్లోమ కేన్సర్ బయటపడింది. మామూలు జనంలో కనిపించే దానికి ఇది దాదాపు ఎనిమిది రెట్లు. 2005లో ఈ లెక్క అచ్చయ్యింది.

షుగరు ఉన్నందువల్ల కేన్సర్ వచ్చిందా, కేన్సర్ వల్ల షుగరు వచ్చిందా అని మీరు అడగొచ్చు. ఏళ్ళ తరబడి షుగరు ఉన్నవాళ్ళకి ఈ కేన్సర్ ముప్పు కొంచెం ఎక్కువేననేది నిజమే. కానీ కొత్తగా వచ్చిన షుగరు సంగతి వేరు. అక్కడ చాలాసార్లు కేన్సరే ముందు. లోపల గడ్డ చిన్నగా ఉన్నప్పుడే అది ఇన్సులిన్ పనిని చెడగొడుతుంది. దీనికి ఒక చక్కటి రుజువుంది. గడ్డని కోసి తీసేశాక, కొత్తగా షుగరు వచ్చినవాళ్ళలో సగానికి పైగా మందికి షుగరు పోయిందనీ, పాత షుగరు ఉన్నవాళ్ళకి మాత్రం అలానే ఉండిపోయిందనీ 2008లో అదే బృందం చూపించింది. గ్రంథిలో భాగం తీసేస్తే షుగరు పెరగాలి కదా? తగ్గిందంటే, తెచ్చిపెట్టింది ఆ గడ్డేనన్నమాట!

ఇంకో మాట. కేన్సర్ బయటపడటానికి రెండున్నర, మూడేళ్ళ ముందునించే రక్తంలో చక్కెర మెల్లగా పెరుగుతూ వస్తుందని తరవాతి అధ్యయనాలు చెప్పాయి. అంటే కబురు ముందే వస్తోంది. మనమే విప్పి చదవడం లేదు.

"అబ్బ! ఎంత సన్నబడ్డావే!"

అన్ని కొత్త షుగర్లూ ఒకటి కాదని తెలుసుకోవడానికి బరువు కావాలి. మామూలుగా నడివయసులో వచ్చే షుగరు బరువు పెరుగుతున్నవాళ్ళకి వస్తుంది. నడుం చుట్టుకొలత పెరుగుతుంది, జాకెట్లు బిగుతవుతాయి, వెనకే షుగరు వస్తుంది. అలా కాకుండా, మనిషి చిక్కిపోతూ షుగరు వచ్చిందంటే ఆగి ఆలోచించాలి.

దీనికి ఆడవాళ్ళ లెక్కలే సాక్ష్యం. అమెరికాలో 1976లో మొదలుపెట్టి లక్షమందికి పైగా నర్సుల ఆరోగ్యాన్ని దశాబ్దాల తరబడి గమనిస్తూ వచ్చారు. ఆ నర్సులనీ, ఇంకో అధ్యయనంలోని పురుషులనీ కలిపి చూసి 2020లో ఒక ఫలితం ప్రకటించారు. కొత్తగా షుగరు వచ్చినవాళ్ళకి క్లోమ కేన్సర్ ముప్పు, షుగరు లేనివాళ్ళతో పోలిస్తే మూడు రెట్లు. దాంతోపాటు మూడున్నర కిలోల పైన బరువు తగ్గినవాళ్ళకి దాదాపు ఏడు రెట్లు. ఈ సంగతి చెప్పగలిగారంటే, ఆ నర్సులు తమ బరువెంతో రెండేళ్ళకోసారి రాసి పంపుతూ వచ్చారు కనకే.

మన దగ్గర ఆడమనిషి బరువు తగ్గితే ఏమవుతుందో చూడండి. ముందుగా మెచ్చుకోళ్ళు. "అబ్బ! ఎంత సన్నబడ్డావే, ఏం చేస్తున్నావేంటి?" అని పేరంటంలో నలుగురూ చుట్టూ చేరతారు. తరవాత కారణాలు. కార్తీకమాసం ఉపవాసాలన్నారు, కూతురి పెళ్ళి పనులన్నారు, కోడలి పురిటికి తిరిగిందన్నారు, ముట్లుడిగే వయసన్నారు. ఆఖరికి "షుగరుంది కదండీ, షుగరు మనిషిని పీల్చేస్తుంది" అని తీర్పు. మగాడు చిక్కిపోతే "ఏరా, ఒంట్లో బాగాలేదా?" అంటారు. ఆడది చిక్కిపోతే "బాగున్నావే" అంటారు. ఈ తేడాలోనే ఆరునెలలు పోతాయి.

మాకు దూరపు బంధువు, పిన్ని వరసయ్యే ఆవిడ విషయంలో నేను చూసిందదే. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. వాళ్ళ వంశంలో ఎవరికీ షుగరు లేదు. ఒక వేసవిలో షుగరుందని తెలిసింది. మాత్రలు మొదలెట్టింది. అంకె దిగింది, అందరూ సంతోషించారు. కానీ మనిషి తరిగిపోతూనే ఉంది. చేతిగాజులు మోచేతి దాకా జారుతుంటే, కొత్తవి చిన్న సైజు కొనుక్కుంది తప్ప ఎందుకని అడగలేదు. అన్నం సయించడం లేదంటే మాత్ర పడలేదన్నారు. వీపు నొప్పంటే వయసన్నారు. పొట్టలో మంటంటే గ్యాసన్నారు. ఏడెనిమిది నెలలకి కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లకి పసరు మంచిదని పక్క ఊరు తీసుకెళ్ళి మూడు వారాలు పసరు పోయించారు. చప్పిడి పత్యం పెట్టారు. అప్పటికి గానీ స్కానింగ్ జరగలేదు. అప్పటికి చెయ్యడానికేమీ మిగల్లేదు.

ముందే చూసి ఉంటే బతికేదా? ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు. నేనూ చెప్పను. కానీ వరసగా ఇన్ని కబుర్లు వస్తే ఒక్కటీ ఎవరి చెవినా పడకపోవడం మాత్రం విధి కాదు. ఆవిడ ఒంటిని ఎవరూ లెక్కలోకి తీసుకోకపోవడం. ఆవిడతో సహా.

అన్నట్టు, కామెర్ల గురించి ఒక మాట. నొప్పీ జ్వరమూ లేకుండా కళ్ళు పచ్చబడి, మూత్రం ముదురు రంగులో, విరోచనం సున్నంలా తెల్లగా వస్తూ, ఒళ్ళంతా దురద పెడుతుంటే అది పసరుకి లొంగే కామెర్లు అనుకోకూడదు. పిత్తం కిందికి దిగే దారి ఎక్కడో మూసుకుపోయిందని అర్థం. రాయి వల్ల కావచ్చు, గడ్డ వల్ల కావచ్చు. క్లోమం తలభాగంలో గడ్డ పుడితే, ఆ దారి పక్కనే కనక, ఒక్కోసారి చిన్నగా ఉన్నప్పుడే కామెర్లు వస్తాయి. ఆపరేషన్‌కి వీలుండే అవకాశం అక్కడే. ఆ మూడు వారాలూ పసరుకి ధారపోయడం నాకు కడుపుమంట.

అందరికీ స్కానింగా?

ఇది చదివి కొందరికి కోపం రావచ్చు. "ఉన్న షుగరుకే బెంగపడి చస్తుంటే, ఇంకా కేన్సర్ పేరు చెప్పి భయపెడతారా?" అని. ఆ మాటకి విలువుంది. అందుకే లెక్క మళ్ళీ చెబుతాను. రోచెస్టర్ లెక్క ప్రకారమే చూసినా, యాభై దాటాక కొత్తగా షుగరు వచ్చిన వెయ్యిమందిలో తొమ్మిది వందల తొంభైకి పైగా మందికి ఆ కేన్సర్ లేదు. పైగా పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దేశంలో క్లోమ కేన్సర్ తక్కువ. కాబట్టి షుగరు అనగానే హడిలిపోవడం తెలివితక్కువ. ఏళ్ళ తరబడి షుగరు ఉండి, బరువు నిలకడగా ఉన్నవాళ్ళు ఈ వ్యాసం చదివి నిద్ర చెడగొట్టుకోవద్దు.

అందరికీ స్కానింగ్ చేయించెయ్యాలన్న వాదం కూడా నాకు సమ్మతం కాదు. ఏ లక్షణమూ లేనివాళ్ళకి క్లోమ కేన్సర్ కోసం పరీక్షలు చేయవద్దని అమెరికాలో నిపుణుల సంఘం 2019లో మరోసారి చెప్పింది. అవసరం లేని స్కానింగ్‌లో ఏదో చిన్న మచ్చ కనిపిస్తే, దాని వెంటబడి ఇంకో పరీక్ష, ఇంకో సూది, అప్పు. "పూర్తి బాడీ చెకప్" ప్యాకేజీల్లో కేన్సర్ రక్తపరీక్షలని కలిపి అమ్ముతున్నారు. క్లోమ కేన్సర్‌కి వాడే సీఏ 19-9 అనే పరీక్ష, పిత్తాశయంలో రాళ్ళవల్ల కామెర్లు వచ్చినా పెరుగుతుంది. కేన్సర్ ఉన్నా కొందరిలో పెరగదు. దాన్ని పట్టుకుని బెంబేలు పడటమూ తప్పే, నిశ్చింతగా ఉండటమూ తప్పే.

మరి ఎవరికి చూడాలి? ఇంగ్లండులో ప్రభుత్వ వైద్యులకి 2015లో ఇచ్చిన సూచన నాకు సబబుగా తోచింది. అరవై దాటిన మనిషి బరువు తగ్గుతూ, దాంతోపాటు కొత్తగా షుగరు గానీ, వీపు నొప్పి గానీ, కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు, మలబద్ధకం లాంటివి గానీ ఉంటే రెండు వారాల్లోపు సీటీ స్కాన్ సంగతి ఆలోచించమన్నారు. అందరికీ కాదు, ఆ గుర్తులు కలిసి ఉన్నవాళ్ళకే.

చారిగారి బృందం 2018లో ఇంకో పద్ధతి చెప్పింది. యాభై దాటి కొత్తగా షుగరు వచ్చిన వాళ్ళలో ముప్పు ఎక్కువున్నవాళ్ళని ఏరడానికి మార్కులు వేసే పద్ధతి. దానికి కావలసినవి మూడే మూడు. వయసు. ఏడాదిలో బరువులో వచ్చిన మార్పు. ఏడాదిలో షుగరు అంకెలో వచ్చిన మార్పు. బరువు తగ్గి, షుగరు ఒక్కసారిగా ఎగబాకి, వయసు ఎక్కువుంటే మార్కులు ఎక్కువ. వాళ్ళని ముందు పరీక్షించాలి. మార్కులు రానివాళ్ళని వదిలెయ్యవచ్చు. ఈ పద్ధతి ఎంతవరకు పనికొస్తుందో తేల్చే పరిశోధనలు పెద్ద ఎత్తున నడుస్తున్నాయి.

కోట్ల రూపాయల యంత్రం కాదు, కొత్త మందు కాదు. అడిగింది పోయినేడాది రెండు అంకెలు! ఆ రెండే మన ఇళ్ళలో లేవు. అరవై ఏళ్ళావిడ డాక్టరు దగ్గర కూర్చుంటే "అంతకుముందు బరువెంత ఉండేవారమ్మా?" అని అడుగుతారు. ఆవిడ కూతురి వంక చూస్తుంది. కూతురు తండ్రి వంక చూస్తుంది. ఆయన ఫైలు మాత్రం పసుపు అట్టతో, తేదీలవారీగా, ఇంట్లో పదిలంగా ఉంటుంది. దాన్ని సర్దిపెట్టింది ఆవిడే!

మనం చెయ్యగలిగింది

నేను డాక్టర్ని కాను. వైద్యం చెప్పే అధికారం నాకు లేదు. కానీ డాక్టరు దగ్గరికి ఉత్తచేతులతో వెళ్ళకూడదని చెప్పే హక్కు నాకుందనుకుంటాను.

పాలవాడి లెక్క రాసుకునే క్యాలెండరు ప్రతి వంటింట్లోనూ ఉంటుంది. నెల మొదటి తారీఖున పాల బాకీ రాసినప్పుడే, పక్కన మీ బరువు కూడా రాయండి. ఇంట్లో కాటా లేకపోతే మందుల షాపులో ఉంటుంది, ఆరోగ్య ఉపకేంద్రంలో ఉంటుంది. ప్రతిసారీ ఒకే కాటా మీదయితే మంచిది. ఏడాది తిరిగాక క్యాలెండరు పారెయ్యకుండా ఆ అంకెలు ఓ నోటుపుస్తకంలోకి ఎక్కించండి. నలభై దాటినవాళ్ళు ఏడాదికోసారయినా పరగడుపున షుగరు చూపించుకుని, బాగానే ఉన్నా సరే, ఆ చీటీ దాచండి. బాగున్నప్పటి చీటీకే ఎక్కువ విలువ. బాగుండనప్పుడు పోల్చి చూసుకోవడానికి అదొక్కటే ఆధారం.

కొత్తగా షుగరు వచ్చిందన్న రోజున డాక్టరుగారిని ఒక్క ప్రశ్న అడగండి. "నాకిది ఇప్పుడే ఎందుకొచ్చిందంటారు?" అని. మోకాళ్ళ నొప్పులకని ఊళ్ళో ఆర్.ఎం.పి. ఇచ్చిన బిళ్ళల్లో, ఇంజెక్షన్లలో స్టెరాయిడ్లు ఉన్నా షుగరు పెరుగుతుంది. కాబట్టి వాడిన మందులన్నీ దాచకుండా చెప్పండి. కుటుంబంలో ఎవరికైనా క్లోమ కేన్సర్ వచ్చిందేమో చెప్పండి. చుట్ట, బీడీ, సిగరెట్టు అలవాటుంటే అదీ చెప్పండి. పొగాకు ఈ కేన్సర్‌కి బాగా తెలిసిన కారణాల్లో ఒకటి. లంక పొగాకు చుట్టకి మనవైపు ఉన్న మర్యాద మనందరికీ తెలిసిందే.

షుగరు మరీ ఎక్కువగా ఉన్నప్పుడు దానివల్ల కూడా మనిషి తగ్గుతుంది. మెట్‌ఫార్మిన్ మాత్ర మొదట్లో ఆకలి తగ్గించి, ఒకటి రెండు కిలోలు తగ్గించవచ్చు. అందుకే ఇక్కడ మోసపోతాం. నా మట్టుకు నేను గుర్తుపెట్టుకున్న సూత్రం ఇది. మందులతో షుగరు అదుపులోకి వచ్చాక తరుగుదల ఆగాలి. అంకె దిగినా మనిషి తరిగిపోతూనే ఉంటే, లేదా మందులు పెంచుతున్నా షుగరు అకారణంగా ఎగబాకుతూనే ఉంటే, మళ్ళీ వెళ్ళాలి, బరువు అంకెలు చూపించాలి, "స్కాన్ అవసరమా?" అని అడగాలి. మామూలు అల్ట్రాసౌండులో పేగుల్లోని గాలి అడ్డొచ్చి క్లోమం సరిగా కనిపించకపోవచ్చు. కనక అందులో "బాగానే ఉంది" అన్నంత మాత్రాన, బరువు తగ్గుతూ ఉంటే ఊరుకోకూడదు. సీటీ స్కానులు ఇప్పుడు రాజమండ్రి, కాకినాడల్లోనే ఉన్నాయి. హైదరాబాదు దాకా పరిగెత్తనక్కర్లేదు.

ప్రభుత్వాన్నీ ఒకటి అడగాలి. ముప్పై దాటినవాళ్ళకి బి.పి., షుగరు పరీక్షలు చేయడానికి ఏ.ఎన్.ఎం.లు, ఆశా కార్యకర్తలు ఇళ్ళకి వస్తున్నారు. మంచిదే. కానీ రాసుకున్న అంకెలు ఫోన్లోకి ఎక్కి పైకి వెళ్ళిపోతాయి. ఆ మనిషి చేతిలో మాత్రం ఏ కాగితమూ మిగలదు. గర్భిణికి తల్లీబిడ్డల కార్డు ఇస్తున్నాం కదా? అందులో నెలనెలా బరువు రాస్తున్నాం కదా? కాన్పయిపోయాక ఆడదాని బరువుతో ఎవరికీ పని లేదా? నలభై దాటిన ప్రతి స్త్రీకీ అలాంటి కార్డే ఒకటి ఇచ్చి, వచ్చినప్పుడల్లా బరువూ షుగరూ అందులో రాయమనండి. ఏడాదిలో నాలుగు కిలోలు, ఏ ప్రయత్నమూ లేకుండా తగ్గి, షుగరు కొత్తగా కనిపిస్తే పెద్దాసుపత్రికి పంపమనండి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకం కేన్సర్ ఆపరేషన్ల ఖర్చు భరిస్తోంది. ఆపరేషన్‌కి వీలున్న రోజుల్లో మనిషి అక్కడికి చేరకపోతే ఆ పథకం ఉండి ఏం లాభం?

మన భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావుగారు కేన్సర్‌కి ఇప్పటికీ వాడే మందుని లోకానికిచ్చారని గర్వంగా చెప్పుకుంటాం. ఆయన బృందం తయారుచేసిన మెథోట్రెక్సేట్ ఎందరు పసిపిల్లలకో ఆయువు పోసింది. కానీ ప్రతి కేన్సర్‌కీ అలాంటి మందు ఇంకా దొరకలేదు. దొరకని చోట, ముందుగా పసిగట్టడమే మనకున్న ఒక్క ఆయుధం. దానికి సుబ్బారావుగారంతటి మేధ అక్కర్లేదు. ఒక పెన్సిలూ, ఒక కాగితమూ చాలు.

కాటా ఎక్కడానికి సిగ్గెందుకు? ఎక్కువుంటే ఎవరైనా నవ్వుతారనా? నవ్వనివ్వండి. ఈసారి ఎవరైనా "సన్నబడ్డావే!" అని మెచ్చుకుంటే మురిసిపోయే ముందు, ఎన్ని కిలోలు తగ్గానో, ఎన్నాళ్ళలో తగ్గానో, ఎందుకు తగ్గానో మీకు మీరు చెప్పుకోగలరేమో చూసుకోండి. చెప్పుకోగలిగితే హాయిగా మురవండి. చెప్పుకోలేకపోతే మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మీ అమ్మకీ, అత్తగారికీ, కష్టమో నిష్ఠూరమో నోరు విప్పి చెప్పుకోని మీ పెద్దాడపడుచుకీ ఇదే ప్రశ్న వేయండి. వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. అడిగేవాళ్ళు ఇంట్లో ఒకరుండాలి.